ఒక కంట వెన్న, ఒక కంట సున్నం: క్రమశిక్షణ చర్యలపై మీ ప్రశ్నలు, మా జవాబులు

ఈసారి ఎంచుకున్న ఉత్తరాలన్నిటిదీ దాదాపు ఒకటే ఫిర్యాదు: తప్పు ఒకటే, శిక్ష మాత్రం మనిషిని బట్టి. జవాబులు కార్మిక చట్టాల మీద పనిచేసే న్యాయవాదులు, హెచ్‌ఆర్ విభాగాల్లో ఉన్నవాళ్లు కలిసి రాసినవి. ఉత్తరాల్లోంచి మనుషుల పేర్లు, సంస్థల పేర్లు తీసేశాం.

ప్రశ్న: పాశమైలారంలో మందుల ఫ్యాక్టరీలో 14 ఏళ్లుగా ఆపరేటర్‌గా చేస్తున్నాను. నైట్ షిఫ్టులో నిద్రపోయామని ముగ్గురికి ఛార్జిషీట్లు ఇచ్చారు. ఇద్దరికి హెచ్చరిక లేఖతో సరిపెట్టి, యూనియన్‌లో తిరుగుతాననే కోపంతో నన్ను డిస్మిస్ చేశారు. వివక్ష అని కేసు వేయొచ్చా?

జవాబు: వేయొచ్చు. అయితే "వాళ్లని వదిలేసి నన్నే ఎందుకు పట్టుకున్నారు" అన్న ఒక్క వాదనే పట్టుకుని వెళ్తే కంపెనీ లాయరు దాన్ని తేలిగ్గా కొట్టిపారేస్తాడు. ఆయన అడిగేది ఒకటే: ఆ రాత్రి మీ ముగ్గురి పనీ ఒకటేనా? మీరు రియాక్టర్ దగ్గర ఉండి, అరగంటకోసారి ఉష్ణోగ్రత చూసి లాగ్ షీటులో రాయాల్సిన మనిషై, మిగతా ఇద్దరూ ప్యాకింగ్‌లో హెల్పర్లయితే, నిద్ర ఒకటే అయినా ప్రమాదం ఒకటి కాదు. ఆ రాత్రి రెండు గంటల ఎంట్రీ మూడు గంటలకు ఒకేసారి రాసినట్టు లాగ్ షీటులో కనిపిస్తే ఇంకో ఆరోపణ కూడా మీ మెడకి చుట్టుకుంటుంది. ముగ్గురూ రియాక్టర్ సెక్షన్ వాళ్లే అయితే కథ వేరు.

కాబట్టి ముందు ఒక తెల్లకాగితం తీసుకుని ముగ్గురి వివరాలూ పక్కపక్కన రాయండి. హోదా, ఆ రాత్రి డ్యూటీ ఎక్కడ పడింది, ఛార్జిషీటులో వాడిన మాటలు, స్టాండింగ్ ఆర్డర్స్‌లో, అంటే కంపెనీ సర్వీసు నిబంధనల్లో, ఏ క్లాజు కింద పెట్టారు, సర్వీసు ఎంత, పాత మెమోలు ఎన్ని, ఎవరు ఏమని జవాబిచ్చారు, శిక్ష వేసిన అధికారి ఒక్కరేనా. పని, ఆరోపణ, పాత రికార్డు అనే మూడు చోట్ల ముగ్గురూ సమానంగా తేలితే మీ వాదనకి బలం వచ్చినట్టే. ఎక్కడ తేడా ఉందో అక్కడ దాచకుండా రాసుకోండి. అది మీకు ముందే తెలియాలి, క్రాస్ ఎగ్జామినేషన్‌లో కాదు.

ఇక చట్టం. రాజ్యాంగంలోని 14వ అధికరణం ప్రభుత్వాన్నీ ప్రభుత్వ సంస్థలనీ కట్టడి చేస్తుంది గాని ప్రైవేటు కంపెనీ మీద నేరుగా పనిచేయదు. అక్కడ మీ ఆయుధం కార్మిక చట్టం. యూనియన్ పనికి కక్ష తీర్చుకుంటూ డిస్మిస్ చేయడం, చిన్న తప్పుకి పాత సర్వీసు చూడకుండా పెద్ద శిక్ష వేయడం, ఒక వర్గం కార్మికుల మీద పక్షపాతం చూపడం, ఈ మూడూ 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టం ఐదో షెడ్యూల్లో అన్యాయ కార్మిక పద్ధతుల కింద ఉన్నవే, దాని స్థానంలో వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్‌లోకీ వచ్చినవే. దీనికి పాత తీర్పు ఒకటి ఉంది, ఇప్పటికీ కోర్టుల్లో ఉదహరిస్తారు. 1961 జనవరి 1 ఆదివారం పడింది. కొత్త సంవత్సరం సెలవు మర్నాటికి మారుతుందని అనుకుని 2న పనికి రాని 11 మందిని హింద్ కన్‌స్ట్రక్షన్ కంపెనీ డిస్మిస్ చేసింది. ఇంగితం ఉన్న ఏ యజమానీ వేయని శిక్ష వేస్తే, ఆ శిక్షే కక్షసాధింపుకి రుజువని సుప్రీంకోర్టు తేల్చింది. 14 ఏళ్ల సర్వీసులో మీ మీద మచ్చ లేకపోతే ఈ తీర్పు మీకు పనికొస్తుంది.

యూనియన్ కక్ష అనేదాన్ని మాటలతో కాదు, తేదీలతో చూపించాలి. కమిటీకి మీరు ఎన్నికైంది ఎప్పుడు, డిమాండ్ల పత్రం మీద సంతకం పెట్టింది ఎప్పుడు, ఛార్జిషీటు వచ్చింది ఎప్పుడు? ఆ మూడు తేదీలు దగ్గర దగ్గరగా ఉంటే చాలాసార్లు సాక్షులకన్నా అవే గట్టిగా మాట్లాడతాయి.

ఒక జాగ్రత్త. ఛార్జిషీటుకి మీరిచ్చిన జవాబు కాపీ తీసి చూడండి. "నేనొక్కణ్నే కాదు, వాళ్లూ పడుకున్నారు" అని రాశారా? రాస్తే మీరు పడుకున్నారని మీ చేత్తోనే ఒప్పుకున్నట్టు. ఈ ఉత్తరం చదువుతున్నవాళ్లలో ఛార్జిషీటు ఇంకా చేతిలోనే ఉన్నవాళ్లు ఇలా రాయాలి: ఆరోపణ నిజం కాదు, ఒకవేళ రుజువైందని అనుకున్నా, ఇదే ఘటనలో ఫలానా ఇద్దరికి హెచ్చరికతో సరిపెట్టారు కాబట్టి నాకు అంతకు మించిన శిక్ష తగదు.

2025 నవంబర్ 21న పారిశ్రామిక సంబంధాల కోడ్ అమల్లోకి వచ్చింది. దాని ప్రకారం వివాదం తలెత్తిన రెండేళ్లు దాటితే కన్సిలియేషన్ అధికారి, అంటే రాజీ కుదిర్చే అధికారి, దాన్ని చేపట్టలేడు. రాజీ కుదరకపోతే ఆయన రిపోర్టు అందిన 90 రోజుల్లో ట్రైబ్యునల్‌కి దరఖాస్తు చేయాలి. పాత చట్టంలో ఉన్న మూడేళ్లు గుర్తుపెట్టుకుని తీరిగ్గా కూర్చోవద్దు. శిక్ష మరీ ఎక్కువైందనుకుంటే తగ్గించే అధికారం పాత చట్టంలో లేబర్ కోర్టుకి ఉన్నట్టే కొత్త కోడ్‌లో ట్రైబ్యునల్‌కీ ఉంది. మీ కేసు ఏ గుమ్మం ముందు పడాలో జిల్లా లేబర్ ఆఫీసులో కనుక్కోండి. ఈలోపు "ఫుల్ అండ్ ఫైనల్" కాగితం మీద, ఇక నాకెలాంటి క్లెయిములూ లేవన్న వాక్యం కింద మాత్రం సంతకం పెట్టొద్దు.

ప్రశ్న: తెలంగాణ ఆర్టీసీలో కండక్టర్ని. ఇద్దరు ప్రయాణికుల దగ్గర చార్జీ తీసుకుని టికెట్ ఇవ్వలేదని నన్ను ఉద్యోగంలోంచి తీసేశారు. అదే డిపోలో ఇంకో కండక్టర్‌కి ఇలాంటి కేసులోనే ఇంక్రిమెంట్ కోతతో పోయింది. ఆయన ఆర్డరు కాపీ కోసం ఆర్టీఐ పెడితే ఇవ్వడం కుదరదన్నారు. ఎలా నిరూపించాలి?

జవాబు: ఆర్టీఐలో రాదు. ఒక ఉద్యోగికి ఇచ్చిన మెమోలు, షోకాజ్ నోటీసులు, శిక్ష ఉత్తర్వులు ఆయన వ్యక్తిగత సమాచారమని 2012లో గిరీష్ దేశ్‌పాండే కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అప్పటి నుంచి ఆ దారి మూసుకున్నట్టే. పేర్లు లేకుండా అడిగి చూడండి: గత మూడేళ్లలో డిపోలో టికెట్ కేసులు ఎన్ని, వాటిలో తొలగింపు ఎన్ని, ఇంక్రిమెంట్ కోత ఎన్ని. అసలు ఫైలు కావాలంటే మాత్రం కేసు వేశాక రికార్డు తెప్పించమని లేబర్ కోర్టులో (కొత్త కోడ్ కిందైతే ట్రైబ్యునల్‌లో) పిటిషన్ పెట్టాలి. సాక్ష్యాలు, పత్రాలు తెప్పించే విషయంలో లేబర్ కోర్టుకి సివిల్ కోర్టుకున్న అధికారాలున్నాయి. "ఇంకో కండక్టర్‌కి కూడా" అని గాలికి అడిగితే తెప్పించరు. ఏ తేదీన, ఏ రూటులో, ఏ స్టేజి దగ్గర చెకింగ్ జరిగిందో రాస్తే తెప్పిస్తారు.

ఫైలు వచ్చాక ఛార్జి మాటలు అక్షరం అక్షరం పోల్చండి. ఆర్టీసీలో టికెట్ కేసులన్నీ ఒకటి కావు. చార్జీ తీసుకుని టికెట్ ఇవ్వకపోవడం ఒకటి. చార్జీ వసూలు చేయకుండానే బండి కదిలించడం, అంటే "ఇష్యూ అండ్ స్టార్ట్" నిబంధన తప్పడం ఇంకొకటి. వాడిన టికెట్ మళ్లీ అమ్మడం మరొకటి. మొదటిదీ మూడోదీ నిజాయితీకి సంబంధించినవి, మధ్యది చాలాసార్లు నిర్లక్ష్యం. ఆ కండక్టర్‌ది మధ్య రకమైతే మీ పోలిక అక్కడితో ఆగిపోతుంది. డబ్బు తక్కువే కదా అనే వాదన కండక్టర్ల కేసుల్లో దాదాపు ఎప్పుడూ నిలవలేదు. ప్రయాణికుల్ని సాక్షులుగా పిలవలేదనే వాదనకి కూడా 1977లో హర్యానా కండక్టర్ రతన్ సింగ్ కేసులోనే తలుపు మూశారు. వాటి మీద వాయిదాలు ఖర్చు చేయకండి.

ఛార్జి ఒకటే అని తేలితే రాజేంద్ర యాదవ్ కేసు మీకు పనికొస్తుంది. మధ్యప్రదేశ్‌లో ఒకే ఘటనలో ఇద్దరు పోలీసులు దొరికారు. ఎక్కువ పాత్ర ఉన్నవాడికి చిన్న శిక్ష, తక్కువ పాత్ర ఉన్న కానిస్టేబుల్‌కి ఉద్యోగం ఊడటం. తప్పు రుజువైనవాళ్ల మధ్య కూడా సమానత్వం పాటించాల్సిందేనని 2013లో సుప్రీంకోర్టు చెప్పింది. కాని అదే ఏడాది లక్నో గ్రామీణ బ్యాంకు కేసులో ఇంకో మాట చెప్పింది: మిగతావాళ్లు తప్పు ఒప్పుకుని క్షమాపణ చెబితే, ఒప్పుకోకుండా విచారణ చివరిదాకా వెళ్లినవాడు వాళ్లతో సమానమని అనలేడు. ఆ కండక్టర్ వివరణ లేఖలో ఏం రాశాడన్నది అందుకే ముఖ్యం. రెండూ వేర్వేరు ఘటనలు కావడం కూడా మీకు కొంచెం ఇబ్బందే. ఒకే బస్సులో, ఒకే చెకింగ్‌లో ఇద్దరూ దొరికితే ఉండే బలం వేర్వేరు ఘటనలకి ఉండదు.

ఇంతకీ ఎంక్వైరీ రిపోర్టు కాపీ ఇచ్చి, దాని మీద మీ అభ్యంతరం తీసుకున్నాకే తొలగించారా? హైదరాబాద్ ఈసీఐఎల్ ఉద్యోగి కరుణాకర్ కేసులో 1993లో వచ్చిన తీర్పు ఇది: ప్రభుత్వమైనా ప్రైవేటైనా, శిక్ష నిర్ణయించే ముందే రిపోర్టు ఉద్యోగికి ఇవ్వాలి. ఇవ్వకపోతే ఉద్యోగం వెంటనే తిరిగి రాదు. ఇవ్వకపోవడం వల్ల మీకు ఏం నష్టం జరిగిందో చూపించాలి, చూపిస్తే వ్యవహారం రిపోర్టు దశకి వెనక్కి వెళ్తుంది. అలాగే తొలగింపు ఉత్తర్వులో "గత చరిత్ర దృష్ట్యా" అని రాసి, ఆ పాత కేసుల సంగతి ముందు నోటీసులో ఎత్తకపోతే అదీ లోపమే. మంచేగౌడ కేసు నాటి నుంచి ఉన్న సూత్రమిది. మా అనుభవంలో వివక్ష వాదన కంటే ఈ రెండు లోపాల మీదే ఎక్కువ ఉత్తర్వులు కొట్టుకుపోతాయి.

ప్రశ్న: మా ఆఫీసులో పది మందిమి. అందరూ ఆలస్యంగానే వస్తారు. మెమో నాకొక్కడికే. వాళ్లకి లేని రూలు నాకెందుకని జవాబు రాయొచ్చా?

జవాబు: రాయకండి. పక్కవాడిని తప్పుగా వదిలేశారు కాబట్టి నన్నూ వదిలేయమనే హక్కు ఏ కోర్టూ ఇవ్వదు. మెమో ఇంకా శిక్ష కాదు. ఆలస్యానికి కారణం రెండు వాక్యాల్లో రాసి, అందిన సంతకం తీసుకుని ఊరుకోండి. ఉద్యోగమే తీసేస్తే అప్పుడు దుకాణాలు, సంస్థల చట్టం 47వ సెక్షన్ ఉంది: ఆరు నెలల సర్వీసు నిండినవాళ్లని సరైన కారణం లేకుండా, నెల నోటీసో నెల జీతమో ఇవ్వకుండా తీసేయకూడదు. అప్పీలు 48వ సెక్షన్ కింద, లేబర్ శాఖ అధికారి ముందు.

ప్రశ్న: గచ్చిబౌలిలో సాఫ్ట్‌వేర్ కంపెనీలో టీమ్ లీడ్‌ని. ప్రసూతి సెలవు నుంచి వచ్చిన రెండు నెలలకే ఆఫీసు హాజరు తక్కువైందని పిప్‌లో (గడువు పెట్టి పనితీరు మెరుగుపరచుకోమనే ప్రక్రియ) పెట్టారు. నాకంటే తక్కువ రోజులు వచ్చిన మగవాళ్లు ఇద్దరికి మెయిల్ కూడా వెళ్లలేదు. రాజీనామా చేస్తే మంచి రిలీవింగ్ లెటర్ ఇస్తామంటున్నారు.

జవాబు: ముందుగా రాజీనామా చేయకండి. రాజీనామా ఇచ్చినవాళ్లని "తీసేశారు" అని నిరూపించడం చాలా కష్టం. "మీరే వెళ్లిపోయారుగా" అంటారు, కాగితం వాళ్ల పక్షాన ఉంటుంది.

ప్రసూతి సెలవులో ఉండగా తీసేయడం, ఆ సెలవు కారణంగా తీసేయడం చట్టవిరుద్ధం. తిరిగొచ్చాక పెట్టిన పిప్‌కి ఆ రక్షణ నేరుగా తగలదు, అందుకే కంపెనీలు ఆ దారి పడతాయి. దాన్ని సెలవుతో ముడిపెట్టాల్సింది మీరే. చూడాల్సింది ఇది: హాజరు లెక్కలో సెలవు వారాల్ని కూడా కలిపేశారా? మొత్తం త్రైమాసికానికి సగటు తీసి, అందులో ఆరు వారాలు మీరు సెలవులో ఉంటే, మీ శాతం సగానికి పడిపోయి కనిపిస్తుంది. ఇలాంటి లెక్క తప్పులు కావాలని చేసినవే కానక్కర్లేదు, రిపోర్టు తీసే సాఫ్ట్‌వేర్‌కి సెలవు, గైర్హాజరు ఒకటే కావొచ్చు. అయినా ఫలితం వివక్షే. సెలవు తీసేసి వారానికెన్ని రోజులు వచ్చారో మీరే లెక్కగట్టి, హెచ్‌ఆర్‌కి మెయిల్ పెట్టండి. అందులో ఆ ఇద్దరి పేర్లు ఎత్తకుండా "ఇదే టీమ్‌లో హాజరు నా కంటే తక్కువ ఉన్నవాళ్ల మీద ఇదే విధానం అమలైందా, లేకపోతే ఎందుకు" అని అడగండి. జవాబు రాకపోవడం కూడా రేపు మీకు సాక్ష్యమే.

ఆధారాల కోసం కంపెనీ మెయిళ్లు, ఇతరుల స్వైప్ రిపోర్టులు సొంత జీమెయిల్‌కి పంపుకోవద్దు. సమాచారం బయటికి పంపారని కొత్త ఛార్జి పెడతారు, అది నిలబడుతుంది కూడా. ఏ మెయిల్ ఏ తేదీన, ఎవరి నుంచి, ఏ సబ్జెక్టుతో వచ్చిందో నోటు పుస్తకంలో రాసుకోండి. మీ సొంత పేస్లిప్పులు, మీ అప్రైజల్ లేఖలు, మీకొచ్చిన పిప్ కాగితం కాపీలు ఉంచుకోండి. టీమ్ లీడ్ కాబట్టి మీరు "వర్కర్" కాదని, కార్మిక చట్టం మీకు వర్తించదని కంపెనీ అంటుంది. ఆ పేచీ లేకుండా పై జవాబులో చెప్పిన దుకాణాలు, సంస్థల చట్టం 47, 48 సెక్షన్ల దారి ఉంది. ఐటీ కంపెనీలకి ఆ చట్టంలోని కొన్ని సెక్షన్ల నుంచి మినహాయింపులు ఇస్తుంటారు, మీ కంపెనీకి 47వ సెక్షన్ వర్తిస్తుందో లేదో ముందు లేబర్ ఆఫీసులో కనుక్కోండి.

ప్రశ్న: మావారు ప్రభుత్వరంగ బ్యాంకులో పనిచేస్తారు. మూడేళ్లుగా మానసిక వ్యాధికి చికిత్స జరుగుతోంది. ఆ రోజుల్లో పై అధికారి మీద అరిచారని ఛార్జిషీటు ఇచ్చారు.

జవాబు: వ్యాధి సంగతి ఇప్పటిదాకా బ్యాంకుకి రాతపూర్వకంగా చెప్పకపోతే ముందు ఆ పని చేయండి, డాక్టరు రికార్డు జతపరిచి. సీఆర్‌పీఎఫ్ అధికారి ధరీవాల్ కేసులో 2021 డిసెంబర్‌లో సుప్రీంకోర్టు, మానసిక వైకల్యం ఉన్న ఉద్యోగి మీద క్రమశిక్షణ చర్య మొదలుపెట్టడమే పరోక్ష వివక్ష అవుతుందని చెప్పింది. ఆ ప్రవర్తనకి వైకల్యమే ఏకైక కారణమని కూడా చూపించక్కర్లేదు, కారణాల్లో ఒకటైతే చాలు. 2016 వికలాంగుల హక్కుల చట్టం 20వ సెక్షన్ ప్రకారం సర్వీసులో ఉండగా వైకల్యం వచ్చినవాళ్లని తీసేయకూడదు, హోదా తగ్గించకూడదు. కేంద్ర సంస్థ కాబట్టి ఫిర్యాదు ఢిల్లీలోని చీఫ్ కమిషనర్‌కి.

ప్రశ్న: నేను విశాఖలో ఓ కంపెనీ హెచ్‌ఆర్ మేనేజర్ని. ఐదేళ్లుగా ఫోన్ వాడకం రూలు ఎవరూ పట్టించుకోలేదు. ఇప్పుడు కొత్త ప్లాంట్ హెడ్ వచ్చి ఒకరిని సస్పెండ్ చేయమంటున్నారు.

జవాబు: ఆపండి. ఐదేళ్లు చూసీ చూడనట్టు వదిలేసిన రూలుకి హఠాత్తుగా ఒకరిని బలిస్తే, ఆ ఒకరు ఏ కులం, ఏ యూనియన్, ఏ ఊరు అన్నది రేపు మీ మెడకే చుట్టుకుంటుంది. ముందు తెలుగులో నోటీసు పెట్టండి: ఫలానా తేదీ నుంచి ఈ రూలు అమలు, మొదటిసారి హెచ్చరిక, రెండోసారి ఇంత. అందరి సంతకాలూ తీసుకోండి. ఆ తేదీ తర్వాత మొదట దొరికినవాడు ప్లాంట్ హెడ్ డ్రైవరైనా వదలకండి. అసలు చిక్కు అక్కడే వస్తుంది.

శిక్షల రిజిస్టరు ఒకటి ఉంచండి. తేదీ, తప్పు, క్లాజు, సర్వీసు, పాత రికార్డు, శిక్ష, చివరి గడిలో తేడాకి కారణం. ఆ చివరి గడే ముఖ్యం. కొత్త శిక్ష వేసేముందు పాత పేజీలు తిప్పి చూసి, ఇదే తప్పుకి ఇంతకు ముందు తక్కువ వేస్తే ఇప్పుడు ఎందుకు ఎక్కువో ఆ రోజే రాయాలి. కోర్టు అడిగాక రాసిన కారణాన్ని జడ్జి ఒక్క చూపులో పట్టేస్తాడు. సూపర్‌వైజర్లు ఒక్కొక్కరూ ఒక్కో కొలత పెట్టుకోకుండా శిక్ష సిఫారసు ఒకే చోట నుంచి వెళ్లేలా చూడండి. ఫోన్ పట్టుకున్నవాడు, విచారణ చేసేవాడు, శిక్ష వేసేవాడు ఒకడే కాకూడదు. సస్పెన్షన్ అంటారా, మొదటి 90 రోజులు సగం జీతం, జాప్యం కార్మికుడి వల్ల కాకపోతే ఆపైన 75 శాతం కట్టాలి. ఫోన్ కేసుకి అంత ఖర్చు అవసరమా అని ప్లాంట్ హెడ్‌ని అడిగితే చాలాసార్లు అక్కడితో చల్లబడతారు.

ప్రశ్న: డాలస్‌లో హెచ్-1బీ మీద పనిచేస్తున్నాను. కోడ్ రివ్యూ లేకుండా, అంటే ఇంకొకరు సరిచూడకుండా, ప్రొడక్షన్‌లో (జనం వాడుతున్న సైటులో) మార్పు పెట్టానని తీసేశారు. ఇదే తప్పు చేసిన అమెరికన్ సహోద్యోగికి మౌఖిక హెచ్చరికతో పోయింది. కాగితం మీద సంతకం పెడితే ఎనిమిది వారాల జీతం ఇస్తామంటున్నారు.

జవాబు: సంతకం పెడితే సాధారణంగా కేసు వేసే హక్కు వదులుకున్నట్టే. మీ వయసు 40 నిండితే ఆ కాగితం చదువుకోవడానికి కనీసం 21 రోజులు, సంతకం పెట్టాక వెనక్కి తీసుకోవడానికి 7 రోజులు ఇవ్వాలి. గుంపుగా తీసేస్తే 45 రోజులు. 40 లోపైతే చట్టం గడువేమీ పెట్టలేదు గాని అడిగితే వారం పది రోజులు ఇస్తారు.

టెక్సస్‌లో కారణం లేకుండానే తీసేయొచ్చు. అన్యాయం కావడం చాలదు, మీ జాతి, మూలదేశం, మతం, లింగం, వయసు, వైకల్యం లాంటి కారణం వల్లే తేడా చూపారని తేలాలి. వీసా మీద ఉన్నంత మాత్రాన ఈ రక్షణ పోదు. హ్యూస్టన్‌లోనే జరిగిన కేసు ఒకటుంది. ఒక్కో గ్యాలన్ పట్టే 60 డబ్బాల యాంటీఫ్రీజ్ (ఇంజిన్‌లో నీరు గడ్డకట్టకుండా పోసే ద్రవం) దొంగిలించారని ముగ్గురి మీద ఆరోపణ వస్తే, ఓ రవాణా కంపెనీ ఇద్దరు తెల్లవాళ్లని తీసేసి నల్లజాతి ఉద్యోగిని ఉంచింది. దొంగని తీసేయొచ్చు, కాని అన్ని జాతుల దొంగల్నీ ఒకేలా తీసేయాలని 1976లో అమెరికా సుప్రీంకోర్టు చెప్పింది.

మీ ప్రాంతపు ఫెడరల్ అప్పీలు కోర్టు, అంటే ఫిఫ్త్ సర్క్యూట్, పోలిక విషయంలో చాలా గీసి చూస్తుంది: ఇద్దరిదీ ఒకే మేనేజరా, ఒకే రకం పనా, పాత తప్పుల చరిత్ర ఒకటేనా, ఘటన దాదాపు ఒకటేనా. మీ మార్పు వల్ల సైటు పడిపోయి, ఆయనది ఎవరూ గమనించకుండా పోయుంటే, కంపెనీ పట్టుకునేది ఆ ముక్కనే.

ఈఈఓసీకి (ఉద్యోగాల్లో వివక్ష ఫిర్యాదులు తీసుకునే ఫెడరల్ సంస్థ) ఫిర్యాదు టెక్సస్‌లో 300 రోజుల్లోపు, రాష్ట్ర ఏజెన్సీ దారికి 180 రోజులే. జార్జియా, అలబామా లాంటి చోట్ల ఈఈఓసీకి కూడా 180 రోజులే. పోర్టల్‌లో ఎంక్వైరీ నింపి ఊరుకుంటే అది ఫిర్యాదు కాదు, "ఛార్జ్" అనే పత్రం మీద సంతకం పడాలి. ఇక్కడే ఎక్కువమంది గడువు పోగొట్టుకుంటారు. ఈఈఓసీ నుంచి దావా హక్కు నోటీసు వచ్చాక కోర్టుకి 90 రోజులు. ఫిర్యాదు పెట్టినంత మాత్రాన వీసా గడువు ఆగదు. ఉద్యోగం పోయిన రోజు నుంచి దేశంలో ఉండటానికి 60 రోజులు, ఐ-94 (ఎప్పటిదాకా ఉండొచ్చో చూపే పత్రం) గడువు అంతకంటే ముందే ముగిస్తే అంతవరకే. ఆఖరి పని దినం ఏదన్నది కంపెనీతో రాతపూర్వకంగా తేల్చుకోండి. నోటీసు కాలాన్ని జీతంతో ఇంట్లో కూర్చోబెడితే ఆ 60 రోజులు ఏ రోజు నుంచి లెక్కనే దాని మీద ఇమ్మిగ్రేషన్ లాయర్ల మధ్యే పేచీ ఉంది. ముందు తేదీనే లెక్కపెట్టుకోవడం క్షేమం.